రాజుగారి ఇల్లు ఇప్పుడెవరిది?

శని, ఆదివారాలకి ఇంకో రోజు సెలవు కలిసొచ్చిందంటే హైదరాబాదు ఇళ్ళలో ఒకటే చర్చ, ఎక్కడికి పోదామని. పిల్లలు చిన్నవాళ్ళయితే పేచీ లేదు. జూ పార్కన్నా సంబరమే, వాటర్ పార్కన్నా సంబరమే. 13, 14 ఏళ్ళు దాటాయంటే అసలు కథ మొదలవుతుంది. గుళ్ళంటే మొహం ముడుస్తారు. రిసార్టుకి వెళ్తే ఫోన్లో తల దూర్చి కూచుంటారు. కోట అంటే "మళ్ళీ ఎండలో మెట్లెక్కాలా?" అంటారు. అయితే ఈ వయసు పిల్లల దగ్గర ఒక గుణం ఉంది. దేన్నీ ఊరికే ఒప్పుకోరు, ప్రతిదానికీ "అయితే ఏంటి?" అంటారు. ఇంట్లో విసుగు తెప్పించే ఈ ప్రశ్న చరిత్ర చదవడానికి మాత్రం చాలా పనికొస్తుంది.

అలాంటి పిల్లలున్న ఇంటికి నేను చెప్పే ఊళ్ళు మూడు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. 2016 అక్టోబరు 11 దాకా ఇవన్నీ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోవే, అంటే మన నోట్లో నలిగిన పాలమూరులోవే. ఇప్పుడు మూడూ మూడు జిల్లా కేంద్రాలు. బెంగళూరు హైవే మీద పోతే ఏదీ నాలుగైదు గంటల కన్నా దూరం కాదు. మూడు పగళ్ళు, రెండు రాత్రులు చాలు. చూడాల్సినవాటి జాబితా పెద్దగా అక్కర్లేదు. ఒక ప్రశ్న పట్టుకుని బయల్దేరితే సరి: ఇది ఎవరి చేతులు కట్టినవి, ఇప్పుడు ఎవరికి పనికొస్తున్నాయి?

ఇలా అడగడం మనకు నేర్పినాయన ఈ గడ్డ మీదే పుట్టాడు. సురవరం ప్రతాపరెడ్డి 1896లో గద్వాల సంస్థానం ప్రాంతంలో పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. 1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల వంశావళి వెనక్కి పోయి జనం ముందుకొచ్చారు. ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు, ఏ పన్నులు కట్టలేక ఏడ్చారు అన్నదే అందులో సంగతి. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది, 1955లో. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. 1952 ఎన్నికల్లో ఆయన్ని హైదరాబాదు శాసనసభకు పంపింది వనపర్తి. సంస్థానాధీశుడి ఊరు జనం చరిత్ర రాసిన మనిషిని గెలిపించిందన్నమాట.

దారిలో కారులోనే పిల్లలకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. స్కూలు పుస్తకంలో 'హైదరాబాదు సంస్థానం' అని చదువుతారు. ఆ నిజాం రాజ్యం లోపల మళ్ళీ చిన్న చిన్న రాజ్యాలుండేవని అందులో రాయరు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు (అమరచింత), గోపాలపేట ఆ కోవలోవే. నిజాముకు ఏటా పేష్కషు కట్టాలి. మిగతా పన్నుల వసూలు, ఊళ్ళలో తీర్పులు చాలావరకు రాజుగారివే. 1724లో మొదటి నిజాం దక్కనులో నిలదొక్కుకునే నాటికే గద్వాల, వనపర్తి వంశాలు ఇక్కడ పాతుకుపోయి ఉన్నాయి. పైనున్న ప్రభువు మారినప్పుడల్లా కొత్తవాడికి కప్పం కట్టి నిలబడ్డారు. రైతు వైపు నుంచి చూస్తే, నెత్తి మీద ఇద్దరు రాజులు.

మొదటి రోజు గద్వాల. కాచిగూడ నుంచి కర్నూలు వైపు పోయే రైలెక్కినా దిగొచ్చు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న ఈ నేలని నడిగడ్డ అంటారు. ఊరి నడుమ కోట ఉంది. గోల్కొండలా రాతి గుట్ట ఊహించుకుని వస్తే పిల్లలు ముందు నిరాశపడతారు, ఎందుకంటే ఇది మట్టికోట. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో ఏలిన పెద సోమభూపాలుణ్ణి జనం సోమనాద్రి అంటారు, కోట ఆయన పేరు మీదే చెప్పుకుంటారు. లోపల చెన్నకేశవస్వామి గుడి, ఆ పక్కనే డిగ్రీ కాలేజీ. కోటకు కాలేజీ ఎలా వచ్చిందంటే, 1924లో భర్త సీతారామభూపాలుడు పోయాక సంస్థానం చూసుకున్న చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ప్రభుత్వ కాలేజీకి ఆమె పేరే. పరీక్షల రోజుల్లో వెళ్తే కోట గోడ నీడలో నోట్సు వల్లెవేసుకునే పిల్లలు కనిపిస్తారు. మీ పిల్లలకన్నా నాలుగేళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళతో మాట కలపనివ్వండి, గైడు కన్నా నయం.

గద్వాలని 'విద్వద్గద్వాల' అనేవారు. కోస్తా నుంచి తిరుపతి వేంకట కవులు కూడా ఇక్కడికొచ్చి అవధానం చేసి సన్మానం అందుకుపోయారు. అవధానమంటే ఏంటో ఈతరం పిల్లలకి చెప్పాలంటే, ఒకేసారి వందమంది వంద ప్రశ్నలు వేస్తుంటే అన్నిటికీ పద్యాల్లో జవాబు చెప్పడం, అదీ కాగితం లేకుండా. రాజుగారి బహుమతి ఎక్కణ్ణించి వచ్చిందో కూడా వెంటనే అడగండి. నడిగడ్డ రైతు కట్టిన శిస్తు నుంచే.

పద్యాలు అంతగా తలకెక్కకపోతే నేతపని చూపించండి. గద్వాల చీరకి ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ఒకలా సాగుతుంది, పట్టు ఒకలా సాగుతుంది. రెంటినీ ఒకే బట్టగా చెయ్యాలంటే పేక వేసిన ప్రతిసారీ ఒంటి దారాన్నీ అంచు దారాన్నీ మెలిపెట్టి కలపాలి. నాడెలు వేరు వేరు. ఒక్కరి చేతులు చాలక పక్కన ఇంకొకరు కూచుంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల నుంచి 'ఏరువాడ జోడు పంచెలు' వెళ్తాయి. వాటిని నేసేవాళ్ళు నియమంగా ఉండి నేస్తారు. సంస్థానం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా ఆ పంచెలు పోవడం ఆగలేదు. మగ్గం ముందు ఓ గంట కూచోబెట్టి, చీర ధర ఎంతో, అందులో నేసినవాళ్ళ కూలి ఎంతో పిల్లల్నే కనుక్కోమనండి. లెక్కల్లో వీకు అనుకున్న పిల్ల కూడా ఈ లెక్క చప్పున చేసేస్తుంది.

రెండో రోజు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి. ఇక్కడ రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. సంస్థానం విలీనమయ్యాక చివరి రాజా జె. రామేశ్వరరావు 1950ల చివర్లో తన తండ్రి కృష్ణదేవరావు పేరు మీద దాన్ని ఇచ్చేశారు. ఆయన ఆఫ్రికాలో మన దౌత్యవేత్తగా పనిచేశారు. తర్వాత మహబూబ్‌నగర్ ఎంపీగా పార్లమెంటుకి వెళ్ళారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. ఇప్పుడు దాని పేరు ఓరియంట్ బ్లాక్‌స్వాన్. మీ పిల్లల స్కూలు బ్యాగులో అట్లాసుంటే అట్ట మీద పేరు చూడమనండి, అదే కావొచ్చు.

ఇదే ఇంటికి ఆఫ్రికాతో అంతకన్నా పాత సంబంధం ఉంది. మాసబ్‌ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ బోర్డు మీ పిల్లలు వెయ్యిసార్లు చూసుంటారు. ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు, ఆఫ్రికన్ కావల్రీ. 19వ శతాబ్దంలో మొదటి రాజా రామేశ్వరరావు సిద్దీలతో ఒక గుర్రపు దళం కట్టాడు. 1866లో ఆయన పోయాక ఆ దళం నిజాం కొలువులో చేరింది. వాళ్ళ సంతతి ఇప్పటికీ ఆ బస్తీలో ఉంది, పెళ్ళి ఊరేగింపుల్లో మార్ఫా మోగిస్తే నగరమంతా ఊగుతుంది. ఆఫ్రికా నుంచి దక్కనుకి మనుషుల్ని బానిసలుగా, సైనికులుగా ఓడల్లో తెచ్చిన చరిత్ర అమెరికాదే అనుకునే పిల్లలకి, అది మన సిటీ బస్సు స్టాపు పేరులో ఉందని తెలియాలి. ప్యాలెస్ గోడల అందం చూస్తూ ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే. పదిహేనేళ్ళ పిల్లలు ఆ ఇబ్బంది మొయ్యగలరు.

మధ్యాహ్నం సరళాసాగర్. మదనాపురం మండలంలో ఉంది, వనపర్తి రాజా తన తల్లి సరళాదేవి పేరు పెట్టారు. 1949లో పునాదిరాయి, 1959లో ప్రారంభం. దీనికి తలుపులు ఎత్తేవాళ్ళు అక్కర్లేదు. నీళ్ళు నిండు మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతటవే పనిచేసి, అదనపు నీటిని కిందికి లాగేస్తాయి. ట్యాంకులోంచి రబ్బరు గొట్టంతో పెట్రోలు తీసే కిటుకే ఇదని చెప్తే ఫిజిక్సు పుస్తకం తెరవకుండానే అర్థమైపోతుంది. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2019 డిసెంబరు 31న ఈ ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడి నీళ్ళన్నీ వెళ్ళిపోయాయి. తర్వాత మళ్ళీ కట్టారు. సైఫను ఎంత తెలివైనదైనా కట్టను ఏటా మనిషి చూసుకోవాల్సిందే.

మూడో రోజు నాగర్‌కర్నూలు జిల్లా. ముందు కొల్లాపూర్, జటప్రోలు సంస్థానానికి రాజధాని. ఎండాకాలమైతే ఇక్కడి బేనిషాన్ మామిడిపళ్ళు కొనకుండా కదలకండి. ఊళ్ళో మాధవస్వామి గుడి ఉంది. గోడల మీద దశావతారాలు చూసి ఎంత పాత గుడో అనుకుంటాం. గుడి పాతదే, చోటు కొత్తది. కృష్ణ ఒడ్డున మంచాలకట్టలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళొస్తున్నాయని రాయి రాయీ విప్పి ఇక్కడ మళ్ళీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ, కూడవెల్లి నుంచి అలంపురం చేరిన సంగమేశ్వర గుడీ ఇలాగే నడిచొచ్చాయి. కొల్లాపూర్ నుంచి కాసేపట్లో సోమశిల వస్తుంది. ఎటు చూసినా నీళ్ళు, అవతల నల్లమల. పడవెక్కుతారు, పిల్లలు మొదటిసారి ఫోను తీసి ఫోటోలు మొదలుపెడతారు.

ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలు మునిగాయి. 1981లో నీళ్ళు నింపే వేళకి ఇళ్ళు ఖాళీ చెయ్యనివాళ్ళని బలవంతంగా కదిలించారు. గుళ్ళను విప్పి, లెక్క పెట్టుకుని, మళ్ళీ కట్టగలిగారు. ఊళ్ళను అలా కట్టలేకపోయారు. బావి, బజారు, పక్కింటివాళ్ళు, పొలానికి పోయే దారి విప్పి తెచ్చేవి కావు గదా. ఆ కరెంటు, ఆ నీళ్ళు మన నగరాల దాకా వచ్చాయి. ఒడ్డునున్న పాలమూరు మాత్రం చాలాకాలం కరువు జిల్లాగానే మిగిలింది. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసినవాళ్ళలో పాలమూరు కూలీలుండేవారు. మట్టికోట, సైఫను, శ్రీశైలం జలాశయం, మూడింటినీ కలిపే ప్రశ్న ఇక్కడ పిల్లలు మీరడగకుండానే అడుగుతారు.

తిరుగు దారిలో నాగర్‌కర్నూలు దాటాక బిజినేపల్లి దగ్గర నంది వడ్డెమాన్. కాకతీయుల కాలంలో ఇది వర్ధమానపురం, గోన వంశం రాజధాని. 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డి ఇక్కడివాడే. ద్విపదలో రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డిదీ ఈ వంశమే. బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక వేయించిన 1276 నాటి శాసనం ఇదే దారిలో ముందున్న భూత్పూరులో ఉంది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చాలామంది పండితుల మాట. సినిమా హీరో పేరుతో మొదలుపెట్టి ఆమె పేరు దాకా రండి. భూత్పూరు నుంచి హైవే ఎక్కితే చీకటిపడేసరికి ఇల్లు చేరతారు.

ఏర్పాట్ల సంగతి రెండు ముక్కలు. రోజుకి రెండు చోట్లకి మించి పెట్టుకోకండి. కాలేజీలున్న కోట, ప్యాలెస్ చూడాలంటే ముందు అక్కడివాళ్ళని అడిగి లోపలికి వెళ్ళండి, అవి తరగతి గదులు. రోజుకొక ఊరి బాధ్యత ఒక్కో పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. ఆ రోజు దారి చూడటం, భోజనం ఎక్కడో తేల్చడం, అడగాల్సిన ప్రశ్న అడగడం వాళ్ళ పని. జొన్నరొట్టె దొరికే చోటు వాళ్ళే కనిపెడతారు. వానలు పోయాక, అక్టోబరు నుంచి జనవరి దాకా, సోమశిల నిండుగా ఉంటుంది. వేసవిలో నీళ్ళు బాగా తగ్గినప్పుడు అవతలి ఒడ్డు వైపు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, కొన్ని చోట్ల పాత ఊళ్ళ పునాదులూ కనిపిస్తాయి. పిల్లలు ఇంటర్లో పడేలోపు ఆ రెండో ప్రయాణం కూడా పెట్టుకోండి.