ఖజాన్ భూముల కొయ్య తలుపులు

నీటిని కట్టడి చేయుట యనగానే తెలుగువారికి ధవళేశ్వరపు ఆనకట్టయు, కాటన్ దొరయు స్ఫురించుట సహజము. 1852లో పూర్తియైన ఆ కట్టడమునకు నిర్మాత పేరు కలదు. పశ్చిమ తీరమున గోవాలో మాత్రము, పేరు తెలియని గ్రామీణులు అంతకు శతాబ్దములకు పూర్వమే సముద్రపు పోటును అదుపులో నుంచిరి. వారి సాధనము కొయ్య తలుపు.

మాండవి, జువారి నదులలో సముద్రపు పోటు చాల దూరము లోనికి వచ్చును. ఆ యొడ్డుల పల్లపు నేలలకు గట్లు వేసి సాగులోనికి తెచ్చిన పొలములనే ఖజాన్ భూములందురు. ఇవి సుమారు 18,000 హెక్టారులు. గట్టునందు అమర్చిన తూమునకు కొంకణిలో ‘మానస్’ అని పేరు.

దాని పనితనము సులభము. పోటువేళ నదినీరు బయటినుండి నెట్టుటచే తలుపులు తమంతట మూసికొనును. ఆటువేళ లోపలి నీటి ఒత్తిడికి తెరచికొనును. అందుచే ఉప్పునీరు పొలము చొరదు, వాననీరు నిలిచిపోదు. తొలకరి వానలు నేలలోని ఉప్పును కడిగివేయగా, ఉప్పునకు ఓర్చు ‘కోర్గుట్’ వరిని పండింతురు. కోతల పిమ్మట నదినీటిని కొంత రానిచ్చి చేపలు, రొయ్యలు పట్టుదురు. తూమువద్ద వల వేయు హక్కును గ్రామసంస్థ వేలము వేయుట ఆచారము.

‘గాంవ్‌కరీ’ యను ఆ సంస్థయే గట్లకును తలుపులకును కావలి. 1510లో పోర్చుగీసువారు గోవాను జయించిరి; 1526లో ఈ గ్రామముల ఆచారములను లిఖితపూర్వకముగా నమోదు చేయించిరి. ప్రభువులు మారినను మరమ్మతు గ్రామబాధ్యతగనే నిలిచెను. ఏలయన, ఒకచోట గండి పడినచో మునుగునది ఒక్కని పొలము కాదు.

గోవా 1961లో విముక్తి పొందెను. 1964 నాటి కౌలుచట్టము దున్నువానికి రక్షణ కల్పించెను. అది న్యాయమే. కాని గట్ల పోషణ కౌలుదారుల సంఘములకు సంక్రమింపగా, పెక్కుచోట్ల అవి బలహీనములయ్యెను. సేద్యము లాభసాటి కాక విడిచిన పొలములలో తలుపులు శిథిలమై, ఉప్పునీరు చొచ్చి, మడచెట్లు మొలచినవి. కొన్నిచోట్ల కొయ్యకు మారుగా ఇనుప తలుపులు వచ్చినవి. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పు పట్టును.

దస్త్రములతో కాలము గడపు మనబోటివారు ఇందు గ్రహింపవలసినది కలదు. హక్కును ఒక ఉత్తరువుతో బదలాయింపవచ్చును. ఏటేట గట్టు చూచి, పుచ్చిన పలకను మార్చు అలవాటును అట్లు బదలాయింపజాలము. దానిని ఎవరు స్వీకరింతురో చట్టము వ్రాయునాడే విచారింపవలయును.