జైలు మగ్గం, బయటి మగ్గం

యరవాడ పేరు వింటే షోలాపూర్‌లో మన పెద్దలకు ముందు గుర్తొచ్చేది 1931 జనవరి 12. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ శిందే, ఈ నలుగురినీ ఉరి తీసింది ఆ జైల్లోనే. ఊళ్లో వాళ్ల విగ్రహాల ముందు నుంచి రోజూ పోతూనే ఉంటాం. అదే జైల్లో మగ్గాలు కూడా ఆడాయనీ, జైలు మగ్గానికీ బయటి నేతగాడి కడుపుకూ పాత తగవు ఒకటుందనీ మన ఇళ్లల్లో మాట్లాడుకోవడం తక్కువ.

ఇంగ్లీషువాళ్లకు మొదట్లో ఖైదీకి పని నేర్పాలనే ఆలోచనే లేదు. మెకాలే కూడా సభ్యుడిగా ఉన్న జైళ్ల కమిటీ 1838లో, ఖైదీ పని విసుగు పుట్టించేలా ఉండాలని చెప్పింది. తర్వాత్తర్వాత జైళ్ల ఖర్చు లెక్క చూసుకునేసరికి మాట మారింది. సరుకు చేయించి అమ్మితే ఖర్చులో కొంతైనా రాబట్టొచ్చు కదా! తివాచీ అందుకు బాగా కుదిరింది. ఒక్కో ముడీ వేసుకుంటూ నెలల తరబడి కూర్చోవాలి. దీర్ఘశిక్ష పడ్డవాడికి నెలలకేం కొదవ? ఆగ్రా, లాహోర్, యరవాడ జైలు తివాచీలు సీమకు ఎగుమతి అయ్యాయి. విక్టోరియా రాణి కోసం ఆగ్రా ఖైదీలు నేసిన బ్రహ్మాండమైన తివాచీ 1894లో పూర్తయింది. విండ్సర్ కోటలో వాటర్లూ మందిరానికి పరిచింది దాన్నే.

గొప్పే, కాదనను. కానీ నేతగాడి కళ్లతో చూస్తే ముందు అడిగేది కూలి సంగతి. బయటివాడు ఉన్ని కొనాలి, అప్పు తీర్చాలి, కండెలు చుట్టే ఇంటివాళ్లందరికీ తిండి పెట్టాలి. జైలు మగ్గానికి ఆ బాధ లేదు. జైలు పోటీ వల్ల దేశీ తివాచీ పని నాశనమవుతోందని జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషాయనే 1880లో తన పుస్తకంలో మొత్తుకున్నాడు. మన మచిలీపట్నం తివాచీ చెడింది మాత్రం జైలు వల్ల కాదట. చవక సరుకిచ్చి నేయించిన ఇంగ్లీషు వర్తకుల వల్లనట. రెండు చోట్లా తెగులు ఒకటే.

అలాగని ఖైదీ మనకు శత్రువు కాడు. పెట్టెలా మూసి చేత పట్టుకుపోగలిగే యరవాడ చరఖా, 1930లో గాంధీజీ అక్కడ ఖైదీగా ఉన్నప్పుడు రూపుదిద్దుకున్నదే. జైలు శిక్షించడానికే కాదు, మనిషిని బాగుచేయడానికి కూడా అని 1919-20 జైళ్ల కమిటీ గట్టిగా చెప్పింది. అయినా కూలి మాట తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కఠినశిక్ష పడ్డ ఖైదీ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలనీ, అందులో కొంత బాధితులకు తీసిపెట్టాలనీ గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 1998లో. నా మటుకు నాకు ఆ తీర్పు ఖైదీకి ఎంత మేలో బయటి నేతగాడికీ అంతే. లోపల కూలి లేకపోతే బయట కూలి దిగుతుంది.

ఇప్పటికీ యరవాడలో ఖైదీలు నేస్తున్నారు, వడ్రంగం చేస్తున్నారు, ఆ సరుకు అమ్ముతున్నారు. నేర్చినవాడు విడుదలయ్యాక ఏ చద్దర్ల కార్ఖానాకో వస్తే, మనవాళ్లు మొట్టమొదట అడిగేది, ఇదివరకు ఎక్కడ పని చేశావు అని. చేతిలో పని ఉండీ, ఆ ఒక్క ప్రశ్న దగ్గరే వాడు తలొంచుకుంటాడు.