ఇంటి నుంచే సైబర్ సెక్యూరిటీ కోర్సు.. ఫీజు కట్టే ముందు ఇవి చూసుకోండి

గోదావరిఖని నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్లకు పైగా దూరం. సింగరేణిలో షిఫ్టు డ్యూటీ చేసేవారికి, డిగ్రీ చదివే కార్మికుల పిల్లలకు అక్కడ గది తీసుకొని కోచింగ్‌కు వెళ్లడం అన్నిసార్లూ కుదరదు. సైబర్ సెక్యూరిటీని ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే నేర్చుకోవచ్చు. అయితే చేతికొచ్చే సర్టిఫికెట్ దేనికి పనికొస్తుందో ముందే తెలుసుకోవాలి.

ఉచితంగా ఎక్కడ?

కేంద్రం 2017లో ప్రారంభించిన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ కోర్సులూ ఇందులో ఉంటాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ ‘ఎథికల్ హ్యాకింగ్’ కోర్సు 12 వారాలు. ఈ సెమిస్టర్‌లో ఉందో లేదో పోర్టల్‌లో చూడండి. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. వాటిలో కనీసం 10, 30 చొప్పున రావాలి.

డిగ్రీ చెల్లుతుందా?

గుర్తింపు ఉన్న వర్సిటీల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కానీ ఇంజినీరింగ్ డిగ్రీలకు దూరవిద్యలో అనుమతి లేదు. ‘దూరవిద్యలో సైబర్ సెక్యూరిటీ బీటెక్’ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మోసపోకుండా ఎలా?

యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో వర్సిటీ పేరుతో పాటు మీరు చేరబోయే కోర్సు, విద్యా సంవత్సరం కూడా ఉన్నాయేమో చూడండి. ఫ్రాంచైజీ కేంద్రాలకు నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి ఏజెంట్ల చేతికి కాకుండా ఫీజు నేరుగా వర్సిటీకే కట్టండి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అంటే రాతపూర్వకంగా అడగండి.

ఫోన్ సరిపోతుందా?

పాఠాలు వినడానికి సరిపోతుంది. ప్రాక్టీస్‌కు మాత్రం ల్యాప్‌టాప్ కావాలి, 8 జీబీ ర్యామ్ ఉంటే మేలు. అందులో ఉచిత వర్చువల్‌బాక్స్, కాలీ లినక్స్‌తో సొంత ల్యాబ్ పెట్టుకోవచ్చు.

ఇది మరవొద్దు

నేర్చుకున్నది పక్కింటి వైఫైపైనో, కాలేజీ వెబ్‌సైట్‌పైనో అనుమతి లేకుండా ప్రయోగిస్తే కేసుల్లో ఇరుక్కుంటారు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

కోర్సు పేరుతో ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.