బీపీ దించడం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది

పై దవడ ఎముకను కోస్తే ఊరే రక్తాన్ని కట్టి ఆపడం కష్టం. చేతికీ కాలికీ బిగించినట్టు ముఖానికి పట్టీ బిగించలేం. ఎముక గుల్లల్లోంచి చెమ్మలా వచ్చే రక్తానికి ముడి వేద్దామంటే నాళం దొరకదు. అందుకే దవడలు సరిచేసే ఆపరేషన్లలో మత్తు డాక్టర్లు బీపీని కావాలనే కొంత దించి ఉంచుతారు. ఈ పద్ధతి చరిత్ర బీపీని ఎంత లోతుకు దించగలిగారన్న కథలా కనిపిస్తుంది. నిజానికి అది ఎక్కడ ఆగాలో నేర్చుకున్న కథ.

ఆలోచన మెదడు శస్త్రచికిత్సలో పుట్టింది. 1917లోనే హార్వీ కుషింగ్ దాన్ని ప్రస్తావించాడు. 1946లో అమెరికాలో గార్డ్‌నర్ చేసింది వింటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది: రోగి ధమనిలోంచి రక్తం తోడి బీపీ దించాడు, పని ముగిశాక అదే రక్తం తిరిగి ఎక్కించాడు. ఒంట్లో రక్తం తగ్గితే నాళాలు బిగుసుకుంటాయి, అవయవాలకు అందేది మరింత పడిపోతుంది. 1948లో ఎడింబరోలో గ్రిఫిత్స్, గిలీస్ దీన్ని తలకిందులు చేశారు. వెన్నులో మత్తుమందు పైదాకా పాకేలా ఇచ్చి, నాళాలను బిగించే నరాలనే నిద్రపుచ్చారు. రక్తం ఒంట్లోనే ఉంది, నాళాలు వదులయ్యాయి, పీడనం తగ్గినా ప్రవాహం సాగింది. అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. 1950లో ఇంగ్లండ్‌లో ఎండర్బీ పెంటామెథోనియం మందుకు తోడు ఆపరేషన్ బల్లను వాల్చి, కోసే చోటును గుండెకన్నా ఎత్తున ఉంచాడు.

తర్వాతి రెండు దశాబ్దాల్లో జూరిక్‌లో ఓబ్‌వెగెసర్ రెండు దవడలనూ కోసి జరిపే పద్ధతులను స్థిరపరచడంతో, ఈ మత్తు పద్ధతి అవసరం దవడ ఆపరేషన్లలోనూ పెరిగింది. 1976లో షాబెర్గ్ బృందం, 2000లో డోల్మన్ బృందం రక్తనష్టం తగ్గడం చూపారు. డోల్మన్ పరిశీలనలో కోసే చోటు స్పష్టంగా కనిపించింది, ఆపరేషన్ సమయం మాత్రం తగ్గలేదు. ఆరోగ్యంగా ఉన్న యువతకు, ప్రాణాపాయం లేని ఆపరేషన్ కోసం మెదడును పణంగా పెట్టడమా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సగటు పీడనం దాదాపు 60 నుంచి 150 మధ్య ఉన్నంతసేపు మెదడు తన రక్తప్రవాహాన్ని తానే నిలుపుకుంటుందని 1959లో లాసెన్ చూపాడు. కానీ 60 అందరికీ ఒకే గీత కాదు. చాలాకాలంగా అధిక బీపీ ఉన్నవారికి ఆ గీత ఇంకా పైన ఉంటుంది. ట్రానెగ్జామిక్ ఆసిడ్ ఉండగా బీపీ దించడం ఎందుకన్నది మరో అభ్యంతరం. ఆ మందు గడ్డకట్టిన రక్తం కరగకుండా కాపాడుతుంది, రక్తాన్ని బయటికి నెట్టే పీడనాన్ని తగ్గించదు. అయితే దాని తోడు ఉన్నప్పుడు బీపీని అంత కిందికి లాగే పని లేదు. తల ఎత్తి పడుకోబెట్టినప్పుడు మరో లెక్క కూడా ఉంది: గుండెకన్నా మెదడు 20 సెంటీమీటర్లు ఎత్తున ఉంటే అక్కడి పీడనం సుమారు 15 పాయింట్లు తక్కువ. చేతి పట్టీ 60 చూపిస్తుంటే మెదడుకు అందేది 45 మాత్రమే. ధమనిలో గొట్టం పెట్టి కొలిచేటప్పుడు ఆ కొలిచే పరికరాన్ని రోగి చెవి ఎత్తులో బిగించేది అందుకే.