హల్‌క్వేదెత్ వీసె

హల్‌క్వేదెత్ వీసె అనేది పూర్తిగా చెప్పకుండా సూచనగా వదిలేసిన మాటకు నార్వేజియన్ భాషలో వాడే జాతీయం. దీని అక్షరార్థం ‘సగం పాడిన పాట’. తెలిసిన పాట ఎత్తుకుంటే చాలు, మిగతాది వినేవారికే స్ఫురిస్తుందన్నది ఇందులోని భావన. ‘క్వేదె’ క్రియకు మూలం ప్రాచీన నార్స్ భాషలోని ‘క్వెధా’. పలకడం, పద్యం చదవడం దాని అర్థాలు. సుమారు 1270 నాటి ఐస్‌లాండ్ రాతప్రతి కోడెక్స్ రేగియస్‌లోని ‘థ్రిమ్స్‌క్విధా’ అనే కావ్యనామంలోనూ, ఇంగ్లీషులో వాడుక తగ్గిన ‘క్వోత్’లోనూ ఉన్నది ఈ ధాతువే. డేనిష్, స్వీడిష్ భాషల్లోనూ ఈ జాతీయం ఉంది.

వాడుకలు రెండు. సగం పాటను అర్థం చేసుకోవడమంటే సూచన గ్రహించడం: ‘పొద్దుపోయింది’ అని ఇంటివారు అనగానే అతిథి లేచి సెలవు తీసుకోవడం ఇలాంటిదే. ఇంగ్లీషులో దీనికి ‘టేక్ ఎ హింట్’ చక్కగా అతుకుతుంది. సగం పాటల్లో మాట్లాడటమంటే తేల్చి చెప్పక నర్మగర్భంగా అనడం. ఇది తరచూ విమర్శగా వస్తుంది. అనువాదంలో చిక్కు ఇక్కడే. ‘ఇన్యుయెండో’ అంటే నిందాసూచన, ‘హాఫ్ ట్రూత్’ అంటే మోసం తోడవుతాయి. సందర్భం ఆ అర్థాలను కోరనప్పుడు ‘స్పీక్ ఇన్ హింట్స్’ అనడమే సరైనది.