పరుషము – పారుష్యము



ఆ మధ్య మాదాపూర్‌లో మా ప్రవచనము ముగిసిన పిదప, హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు యువకుడొకడు వచ్చి ఇట్లడిగెను: "గురువుగారూ, మా ఆఫీసులో ఎవ్వరూ గొంతు పెంచరండి. నవ్వుతూనే మాట్లాడతారు. అయినా ఆ మాట రాత్రంతా గుచ్చుకుంటుంది. గీత 16వ అధ్యాయంలో ఆసురీ సంపద అని చెప్పిన పారుష్యం ఇదేనా?" అప్పటికప్పుడు బదులీయలేక వారము గడువు కోరితిమి.

పరుష శబ్దము పుట్టుకతో చెడ్డది కాదు. 'పరుస్' అనగా కణుపు. ఋగ్వేదములోని ఈ పదమునకు కణుపులు గలది, ప్రకాశించునది యను ఔపమన్యవుని అర్థమును యాస్కుడు నిరుక్తమున చూపెను. అందు నింద లేదు. చెరకు కణుపువలె, మాదాపూర్ బండలవలె చేతికి గరుకుగా తగులునది పరుషము. కాలక్రమమున అది చెవికి తగులునదైనది. మనువు వాక్కుతో చేయు పాపములు నాలుగింటిలో పారుష్యమును చేర్చెను.

మన తెలుగు వ్యాకర్తలకును ఈ పదము నిందకాదు. క చ ట త ప లు పరుషములు, గ జ డ ద బ లు సరళములు. 'వచ్చెను తల్లి' యన్నది సంధిలో 'వచ్చెను దల్లి' యగును. ద్రుతము ప్రక్కన నిలిచినంతనే పరుషము మెత్తబడినది!

యువకుని ప్రశ్నకు జవాబు కౌటిల్యుని అర్థశాస్త్రమున, వాక్పారుష్య ప్రకరణమున దొరకినది. ఉన్న అంగవైకల్యమునే యెత్తిచూపి నిందించినవానికి 3 పణముల దండన. లేనిది కల్పించి యన్నచో 6. కన్ను లేనివానిని "ఎంత చక్కని కన్నులు!" అని పొగడ్త నెపమున ఎగతాళి చేసినచో 12! అబద్ధమునకంటె తీయని యెత్తిపొడుపునకు రెట్టింపు వేసిన ఆ మహానుభావుడు లోకము నెరిగినవాడు.

మాకును ఇందు వాటా కలదు. స్వరము తప్పిన శిష్యునొకనిని పదిమందిలో "ఆహా, సాక్షాత్తు వ్యాసుడే!" అంటిమి. అందరు నవ్విరి. మరునాడు వాడు పాఠమునకు రాలేదు, మరి యెన్నడును రాలేదు. మా గురువుగారు బెత్తము పట్టి స్వరము దిద్దినవారే, కాని ఎవ్వరిని నవ్వులపాలు చేయలేదు.

వారము తరువాత ఆ యువకునికి పన్నెండు పణముల సంగతి చెప్పితిమి. ముందు నవ్వెను. పిదప కొంతసేపు తలవంచుకొని, "నా టీములో పిల్లలకు నేను పంపే మెయిళ్లు కూడా అలాంటివేనండి" అనెను.