198 ఫిర్యాదులు – లైన్‌మన్ హద్దులు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. వేతన సవరణల గురించీ, పెన్షన్ లెక్కల గురించీ వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ముప్ఫై ఏళ్ళకు పైగా కూర్చున్న బల్ల గురించి వ్రాస్తాను. అది టెలిఫోను ఫిర్యాదుల బల్ల. దేవరకొండలో కూర్చున్నాను, అంతకు ముందు వేరే చోట్లా కూర్చున్నాను. "ఫోను పలకడం లేదు" అని చందాదారు చెప్పిన మాట ఆ బల్ల మీద కాగితంగా మారి, సరైన లైన్‌మన్ చేతికి చేరాలి. వినడానికి చిన్న పనే. చేరకపోతే ఏమవుతుందో నేను ఒకసారి కళ్ళారా చూశాను. ఆ సంగతికి ముందు, మన మనుమలకు కూడా అర్థమయ్యేలా ఆ పని ఎలా జరిగేదో చెప్పాలి.

హద్దులు ఎందుకు వచ్చాయి?

మన దేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882లో మొదలయ్యాయి. తర్వాత చాలా కాలం వరకు చిన్న ఊళ్ళలో ఫిర్యాదుల బల్ల అంటూ వేరే ఉండేది కాదు. హ్యాండిల్ తిప్పితే ఆపరేటరు పలికేవాడు. ఫోను చెడిపోయినవాడు పక్కింటికి వెళ్ళి ఆ మాట ఆపరేటరుకే చెప్పేవాడు. ఆపరేటరు వరండాలో ఉన్న లైన్‌మన్‌ను కేకేసేవాడు. నలభై కనెక్షన్ల ఊరికి ఒక్కడే లైన్‌మన్. ఎవరి ఇల్లు ఎక్కడో అతనికి తెలుసు. హద్దుల అవసరం లేదు.

ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాక మధ్యలో మనిషి లేకుండా పోయాడు. అందుకని ప్రతి పనికీ ఒక నంబరు పెట్టారు. ట్రంకు బుకింగుకు 180, నంబర్ల విచారణకు 197, ఫిర్యాదుకు 198. మా తరం వారికి ఇవి ఇంటి నంబర్లంత గుర్తు. అమెరికాలో ఇదే పనికి 611 అనీ, ఇంగ్లండులో 151 అనీ ఉండేది. ఎక్కడైనా సమస్య ఒకటే. కనెక్షన్లు వందలు దాటాక ఒక లైన్‌మన్ చాలడు. ఇద్దరో, నలుగురో కావాలి. నలుగురు ఉన్నప్పుడు వచ్చిన ఫిర్యాదు ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడే హద్దులు పుట్టాయి.

హద్దు వీధిని బట్టి కాదు, తీగను బట్టి

కొత్తగా వచ్చిన గుమాస్తాలు మొదట చేసే పొరపాటు ఇక్కడే. ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ వీధి లైన్‌మన్‌కు కాగితం ఇస్తే సరిపోతుందనుకుంటారు. కాని ఫోను ఇంటి గుమ్మం నుంచి పలకదు, తీగ నుంచి పలుకుతుంది. ఎక్స్ఛేంజిలోని ఎం.డి.ఎఫ్. నుంచి లావు కేబుల్ క్యాబినెట్‌కు పోతుంది. అక్కడి నుంచి పిల్లర్‌కు, పిల్లర్ నుంచి స్తంభం మీదో గోడ మీదో ఉండే డి.పి. పెట్టెకు, ఆ పెట్టె నుంచి చివరి తీగ ఇంట్లోకి. ఇంటి ముఖం బజారు వైపు ఉన్నా, తీగ వెనక వీధి స్తంభం నుంచి రావచ్చు. కనుక లైన్‌మన్ హద్దు అంటే వీధుల జాబితా కాదు, డి.పి.ల జాబితా.

ప్రతి నంబరుకూ ఒక కార్డు ఉండేది. పేరు, చిరునామా, ఎం.డి.ఎఫ్. జత, పిల్లర్, డి.పి., అంతకు ముందు వచ్చిన ఫాల్టులు అన్నీ దాని మీద వ్రాసి ఉండేవి. 198కి ఫోను రాగానే గుమాస్తా డాకెట్ వ్రాసి ఆ కార్డు తీసేవాడు. టెస్ట్ డెస్కు మీద ఉన్నాయన లైను పరీక్షించి "డిస్" అనో, "ఎర్త్" అనో, "కాంటాక్ట్" అనో వ్రాసేవాడు. తీగ తెగిందా, నేలకు తగిలిందా, రెండు తీగలు కలిశాయా అన్నది ఆ ఒక్క మాటలో తెలిసేది. దాన్ని బట్టి కాగితం ఎక్స్ఛేంజి లోపలి మెకానిక్‌కు పోవాలా, కేబుల్ స్ప్లైసర్‌కు పోవాలా, లైన్‌మన్‌కు పోవాలా అని తేలేది. లైన్‌మన్‌కే అయితే, ఏ డి.పి. అన్నది చూసి అతని గూట్లో పెట్టేవాళ్ళం. ఏమి చెడింది, ఎక్కడ చెడింది, ఎవరు పోవాలి అన్న మూడు ప్రశ్నలకు ఆ క్రమంలోనే జవాబు రావాలి. మూడోదానికి ముందుగా జవాబిస్తే మనిషి ఊరంతా తిరిగి ఉత్త చేతులతో వస్తాడు.

మా దేవరకొండ వైపు

పట్నంలో లైన్‌మన్ హద్దు నాలుగు వీధులు. దేవరకొండ వైపు అలా కాదు. ఉత్తరాన చింతపల్లి, తూర్పున కొండమల్లేపల్లి, పడమటన డిండి, దక్షిణాన చందంపేట. ఆ చందంపేట గుట్టలు నాగార్జునసాగర్ నీళ్ళ దాకా సాగుతాయి. నడుమ లెక్కలేనన్ని తండాలు. చెలక నేల, కింద రాయి. కేబుల్ కోసం కాలువ తవ్వితే రెండడుగులకే గడ్డపార ఖంగుమనేది. అందుకే ఊళ్ళకు పోయే లైన్లు చాలాకాలం ఇనుప స్తంభాల మీదనే నడిచాయి. గాలివానకు తెగేవి, చెట్టు కొమ్మ ఆనేది, రాగి తీగను దొంగలు కోసుకుపోయేవారు.

ఇలాంటి చోట కాగితం సరైన చేతికి చేరడం ఒక్కటే చాలదు, సరైన వరుసలో చేరాలి. డిపో నుంచి పొద్దున పోయే బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రమే. కనుక ఒక దిక్కు ఫిర్యాదులన్నీ ఒక కట్టగా కట్టి, పోయే దారిలో మొదటి ఊరు పైన, చివరి ఊరు కింద పెట్టి ఇచ్చేవాళ్ళం. ఆసుపత్రి, పోలీసు స్టేషను, ఊరికి ఒక్కటే ఉన్న ఫోను అయితే ఎర్ర సిరాతో గీత గీసి అన్నిటికంటే పైన. ఇదంతా ఏ సర్క్యులర్‌లోనూ చూసి నేర్చుకోలేదు. చెరువు కింద ఏ మడికి ఏ వంతున నీళ్ళు పారాలో ఊరి నీరటికి తెలిసినట్టు, పాత లైన్ ఇన్‌స్పెక్టర్లకు ఇది తెలుసు. వారి దగ్గర చూసి మేము నేర్చుకున్నాం.

ఆ తీగలు పట్టుకున్నవారిలో చాలామంది ఏళ్ళ తరబడి క్యాజువల్ మజ్దూర్లుగా పని చేసినవారేనని మరువకూడదు. 1989 అక్టోబరు 1 నుంచి అమలైన పథకంతో వారికి తాత్కాలిక హోదా, తర్వాత క్రమబద్ధీకరణ దొరికాయి. వారిలో కొందరు ఈనాడు మన సంఘ సభ్యులు.

ఒక్క కాగితం సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వస్తాను. ఇది దేవరకొండలో జరిగింది కాదు. 1980ల చివర నేను వేరొక చిన్న ఎక్స్ఛేంజిలో ఉన్నప్పటి మాట. తప్పు నాది కనుక ఊరి పేరు అవసరం లేదు.

అక్కడ ఇద్దరు లైన్‌మన్లు. ఇద్దరి హద్దులకు నడుమ ఒక వాగు. వాగు అవతలి ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసులో ఒకే ఒక్క పబ్లిక్ ఫోను. ఆ ఊరికీ, చుట్టూ ఉన్న తండాలకూ అదే దిక్కు. ఒకరోజు తపాలా సంచి తెచ్చిన మనిషి ఒక చీటీ ఇచ్చాడు. ఫోను పలకడం లేదని అందులో ఉంది. నేను రిజిస్టరు చూశాను. ఆ ఊరు అవతలి లైన్‌మన్ జాబితాలో ఉంది. డాకెట్ వ్రాసి అతని గూట్లో పెట్టాను.

నాకు తెలియనిది ఒకటుంది. అంతకు ముందు ఏడు వరదకు వాగు పక్క స్తంభాలు కొట్టుకుపోతే, లైనును ఇవతలి గట్టు మీదుగా తిప్పి వేశారు. తీగ దారి మారింది, రిజిస్టరు మారలేదు. అవతలి లైన్‌మన్ కాగితం చూసి, "ఈ తీగ నాది కాదు" అని తిరిగి బల్ల మీద పెట్టాడు. ఇవతలి లైన్‌మన్ చూసి, "ఈ ఊరు నాది కాదు" అని మళ్ళీ గూట్లో పెట్టాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాగితం ఆరు రోజులు బల్లకూ గూటికీ నడుమ తిరిగింది. గూట్లో పెట్టాను కదా అని నేను మళ్ళీ చూడలేదు.

ఎనిమిదో రోజు ఒక యువకుడు ఎక్స్ఛేంజికి వచ్చాడు. బొంబాయిలో కట్టడం పనికి పోయిన తండా మనిషి. తండ్రికి జబ్బు ముదిరిన రాత్రి అతనికి కబురు చేద్దామని ఇంటివాళ్ళు ఆ ఫోను దగ్గరకు వచ్చారట. పలకలేదు. మర్నాడు ఎవరో టౌనుకు నడిచి వచ్చి టెలిగ్రాం ఇచ్చారు. అతను చేరేసరికి అంతా అయిపోయింది. అతను కేకలు వేయలేదు. బల్ల ముందు నిలబడి ఒక్క మాట అడిగాడు: "మా ఊరు మీలో ఎవ్వల హద్దుల ఉన్నది సారూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే ఇద్దరు లైన్‌మన్లూ కలిసి పోయి చూశారు. ఇన్సులేటర్ దగ్గర తెగిన తీగ తుమ్మ పొద మీద పడి ఉంది. అరగంట పని.

తర్వాత మేము మూడు పద్ధతులు పెట్టుకున్నాం. కార్డు మీద ఊరి పేరు కంటే ముందు స్తంభం నంబరో, డి.పి. నంబరో వ్రాయాలి, తీగ దారి మారిన రోజే కార్డు దిద్దాలి. తనది కాని కాగితాన్ని ఎవరూ తిరిగి బల్ల మీద పెట్టకూడదు, అసలు మనిషి చేతిలో పెట్టి సంతకం తీసుకోవాలి. హద్దు మీద ఉన్న ఊళ్ళ పేర్లు వేరే కాగితం మీద వ్రాసి గోడకు అంటించాలి, అవి మాత్రం ఇద్దరివీ. నేను ఎక్కడికి బదిలీ అయినా ఈ మూడూ వెంట తీసుకుపోయాను. దేవరకొండలో కూడా నా బల్ల వెనక ఆ గోడ కాగితం ఉండేది.

తర్వాతి కాలం

1994 టెలికాం విధానం 1997 నాటికి అన్ని గ్రామాలకూ ఫోను అన్నది. గుట్టల ఊళ్ళకు తీగ లేకుండా రేడియో ద్వారా ఫోన్లు వచ్చాయి. స్తంభాలు తగ్గినా హద్దులు పోలేదు, బ్యాటరీ చూసేవాడు ఎవరన్నది మళ్ళీ అదే ప్రశ్న. పెద్ద పట్టణాల్లో 198కి కంప్యూటరు పలకడం మొదలుపెట్టింది. చందాదారు తన నంబరు నొక్కితే చాలు, డాకెట్ దానంతట అదే తయారయ్యేది. అమెరికాలో బెల్ కంపెనీ వారు ఇటువంటి ఏర్పాటు 1970లలోనే చేసుకున్నారు. కంప్యూటరు కాగితాన్ని పోగొట్టదు, మరచిపోదు. కాని కార్డులో తప్పు ఉంటే ఆ తప్పునే వేగంగా పంపుతుంది.

2000 అక్టోబరు 1న మన శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయింది. సెల్ ఫోన్లు పెరిగి ఇంటి ఫోన్లు తగ్గాయి, హద్దులు పెద్దవయ్యాయి. 2020 జనవరి 31న ఒక్కరోజే సుమారు 78 వేల మంది స్వచ్ఛందంగా విరమించారు. ఏ డి.పి. ఏ మామిడి చెట్టు చాటున ఉందో తెలిసిన మనుషులు అందులో ఎందరో.

ఇప్పుడు ఇంటర్‌నెట్టుకు గానీ, కరెంటుకు గానీ, గ్యాసు పొయ్యికి గానీ ఫిర్యాదు చేస్తే సెల్లుకు ఒక నంబరు వస్తుంది. బాగు చేసే అబ్బాయి ఎక్కడున్నాడో మ్యాపులో కూడా కనబడుతుంది. మా కాలంలో లేని సౌకర్యం, మెచ్చుకోవాలి. అయితే ఒక్కోసారి పని జరగకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని సందేశం వస్తుందని మన సభ్యులే చెప్తున్నారు. అదే కాగితం, అదే గూడు. మళ్ళీ చూసినవాడు లేడు.

ఇటువంటి ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. హద్దు గీసేది పని పంచుకోవడానికి, తప్పించుకోవడానికి కాదు. కాగితం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి చేరినట్టు రూఢి అయ్యేదాకా అది మొదటివాడిదే. ఆ యువకుడు అడిగిన రోజున "నా హద్దులోనే ఉంది నాయనా" అని నేను చెప్పి ఉండవలసింది. ఆ మాట ఇప్పుడు ఈ సంచికలో వ్రాస్తున్నాను.